రత్నకుమారి అక్కయ్య పేషెంటు

హామ్‌స్టరా? ఆ పెంపుడు ఎలకేగా? తెచ్చుకోమ్మా సుప్రజా, దానికి నన్నడగడం ఎందుకు, బేస్‌మెంటు నీకిచ్చాక అది నీ ఇల్లే. చదువుకోడానికి ఈ మంచుదేశం దాకా వచ్చావు, ఓ ప్రాణి తోడుంటే మంచిదే. కానీ తెచ్చుకునే ముందు మా అక్కయ్య సంగతి విని తెచ్చుకో. కూర్చో, ఆ పేపర్లు పక్కకి నెట్టి కూర్చో. నువ్వు చూళ్ళేదు ఆవిణ్ణి, నువ్వొచ్చేసరికే ఎప్పుడో పోయింది. డాక్టర్ రత్నకుమారి అంటే ఈ సస్కటూన్‌లో పాతవాళ్లు ఇప్పటికీ సర్దుకుని కూర్చుంటారు. పిల్లల డాక్టరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, దోసిట్లో పట్టేంత పిల్లలు, వాళ్లని పెంచి పెద్ద చేసి ఇంటికి పంపేది. ఇప్పటికీ హార్డ్‌వేర్ షాపులో ఆరడుగుల మనిషొకడు నన్ను ఆపి "మీ సిస్టర్ నన్ను బతికించింది" అంటాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా నాన్నకే లేకపోయింది, ఇంక నాకెక్కడిది? నేను యూనివర్సిటీలో మట్టి పరీక్షలు చేసుకుంటూ బతికినవాణ్ణి కదా, "మోహనానికేం, మట్టి ఏడవదు" అనేది. నా పేరు రామమోహనరావు అని ఊరంతటికీ తెలుసు, ఆవిడకి మాత్రం మోహనమే, చివరిదాకా. మా ఆవిడ పోయాక, అక్కయ్య రిటైరయ్యాక, ఇద్దరం ఈ ఇంట్లో చేరాం. పొద్దున్నే కాఫీ దగ్గర మొదలుపెట్టి పడుకునేదాకా పోట్లాడుకునేవాళ్లం. సుఖంగా ఉండేది.

ఆఁ, ఏం చెబుతున్నాను... ఎలక. అక్కయ్యకి ఎలకంటే పరమ రోత. కాకినాడలో మెడిసిన్ చదివేటప్పుడు హాస్టల్లో ఆవిడ ఎనాటమీ పుస్తకం ఎలకలు కొట్టేశాయట, ఆ పగ ముసలితనం దాకా మోసింది. మేమిద్దరం ఈ ఇంట్లో చేరిన రోజుల్లోనే మన పిల్లలు గుంపులు గుంపులుగా రావడం మొదలు. అంతకుముందు ఈ ఊళ్లో తెలుగు మాట వినాలంటే ఉగాది దాకా ఆగాలి. అలాంటిది బస్సెక్కితే తెలుగు, కందిపప్పు దగ్గర తెలుగు, ఒక్కో బేస్‌మెంట్లో అరడజను మంది. మనింటికి నర్సింహ అని ఓ కుర్రాడు వచ్చాడు, నల్గొండ వైపు. బక్కగా ఉండేవాడు, మాట్లాడితే నేలచూపులు. పగలు క్లాసులు, సాయంత్రం పెట్రోల్ బంకులో పని. వాడొచ్చిన కొన్నాళ్లకి కింద నుంచి "వీక్, వీక్" అని శబ్దం. అక్కయ్య చెవులు పాము చెవులు. "ఒరేయ్ మోహనం, ఫర్నేస్ ఏడుస్తోందిరా" అంది. ఆ చలిలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పోతే మనం కట్టెలమే కదా! మనిషిని పిలిపించాను. అతను విప్పి చూసి, బిగించి, "మీ ఫర్నేస్ నాకంటే ఆరోగ్యంగా ఉంది" అని వెళ్లిపోయాడు. నర్సింహ మెట్ల కింద నిలబడి అంతా చూస్తున్నాడు, కిక్కురుమనలేదు వెధవ!

తర్వాత ఓ శనివారం పొద్దున్న వాడే పైకొచ్చాడు. స్వెట్టర్లో ఏదో చుట్టి పట్టుకున్నాడు, కళ్లు చింతనిప్పులు. "అంకుల్, ఇది తింటలేదు. నిన్నటి సంది ఏం ముడ్తలేదు" అన్నాడు. విప్పి చూపిస్తే గినీ పిగ్గు. నువ్వు చూశావా ఎప్పుడైనా? ఎలకా కాదు, కుందేలూ కాదు, తోకుండదు, మొద్దు మూతి. తెలుపూ గోధుమరంగూ కలిసి ఉంది. వీడి పాత రూమ్మేటు చదువైపోయి వెళ్లిపోతూ దీన్ని వీడికి అంటగట్టి పోయాడట. పేరు బిస్కెట్. వంటింట్లోంచి అక్కయ్య వచ్చింది. "ఏవిట్రా అది? ఎలకని తెచ్చి నా ఇంట్లో పెట్టావా? పైగా ప్రాణానికి తినే వస్తువు పేరా?" వాడు దాన్ని గుండెకి హత్తుకుని, "వెళ్లగొట్టకుండ్రి డాక్టరమ్మా" అని నేల చూస్తూ గొణిగాడు: "ఇంటికి ఫోన్ జేస్తే అంత మంచిగనే ఉన్నదని చెప్త. ఈడ నేను నిజం చెప్పేది దీనికొక్కదానికే." అంతే. అక్కయ్య దగ్గరకొచ్చి, చీర కొంగుతో ముక్కు మూసుకుని, వేలితో దాని పొట్ట నొక్కింది. చిగుళ్లు చూసింది. గడ్డం కింద బొచ్చంతా తడి. "చొంగ కారుతోంది. మింగలేకపోతోంది. ఏం పెడుతున్నావు దీనికి?" అంది. వాడు గర్వంగా, "నేను తినేదే ఆంటీ. పెరుగన్నం. క్యారెట్" అన్నాడు. అక్కయ్య తల పట్టుకుంది.

ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాడికి కారు లేదు. నాకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, కంటికి డొప్ప కట్టి కూర్చున్నాను. బయట మైనస్ నలభై, రోడ్డు అద్దంలా ఉంది. అక్కయ్య బూట్లు తొడుక్కుంది. "వద్దే, ఈ వయసులో ఈ మంచులో" అన్నాను. "నువ్వు ఒంటి కంటితో నాకు దారి చూపించొద్దు" అని తాళాలు తీసుకుంది. ఆవిడ కారు పాత బ్యుయిక్, పడవంత ఉండేది. ముందు సీట్లో నర్సింహ, వాడి కోటు లోపల బిస్కెట్, వెనకాల నేను ఆంజనేయ దండకం. పక్కనుంచి ట్రక్కులు పోతుంటే కారు జారుతోంది, ఆవిడ మాత్రం స్టీరింగ్ మీద ముక్కు పెట్టి, "ఊపిరి లెక్కపెట్టరా, పేషెంటు ఊపిరి లెక్కపెట్టు" అని వాణ్ణి అదిలిస్తోంది. పేషెంటు అంది, విన్నావా? ఇల్లు దాటేటప్పుడు ఎలక, వంతెన దాటేసరికి పేషెంటు.

అక్కడి వెటర్నరీ డాక్టరు ఎర్రజుట్టు అమ్మాయి, మంచి పిల్ల, ఓపిగ్గా చూసింది. వీటికి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయట, రోజంతా ఎండుగడ్డి నమిలితేనే అరుగుతాయట. మన వాడు మెత్తటి పెరుగన్నం పెట్టాడాయె! వెనక పళ్లు రెండు వైపులా పెరిగి నాలుక మీద వంతెన కట్టేశాయి. తిండి లేక పేగులు కదలడం మానేశాయి. ఆ అమ్మాయి మెల్లిగా చెప్పింది: "మత్తిచ్చి పళ్లు అరగదీయొచ్చు. కానీ ఇంత నీరసంలో తట్టుకుంటుందో లేదో. తట్టుకున్నా, తనంతట తాను తినేదాకా కొన్ని గంటలకోసారి చేత్తో తినిపించాలి, పగలూ రాత్రీ. చాలామంది వల్ల కాదు. బాధ లేకుండా నిద్రపుచ్చడం కూడా దయే." నర్సింహ గోడవైపు తిరిగిపోయాడు. అక్కయ్య ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసి, తన ఆస్పత్రి ఇంగ్లీషు తీసింది. ఆ ఇంగ్లీషుకి సర్జన్లు లేచి నిలబడేవాళ్లు. "డాక్టర్, నువ్వు చెప్పింది న్యాయమే. కానీ పేషెంటు కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. నువ్వు పళ్లు చూడు. తిండి సంగతి నాకొదిలెయ్యి. నా ఉద్యోగమే అది" అంది.

తట్టుకుంది. మత్తులోంచి లేచింది. ఇంక చూడు తల్లీ, మన ఇల్లు వార్డు అయిపోయింది! డైనింగ్ టేబుల్ మీద వేడినీళ్ల బ్యాగు, దాని మీద తువ్వాలు, తువ్వాల్లో బిస్కెట్, మెడ దాకా చుట్టి, అచ్చం బాలింత పక్కన పసిగుడ్డులా. డాక్టరిచ్చిన గడ్డిపొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి అక్కయ్య దాన్ని "ఉగ్గు" అనేది. సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి చుక్క, చుక్క. "గొంతులోకి తొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుక మీద పెట్టి, మింగేదాకా ఆగు. తొందరెవరికి? నీకా, దానికా?" అని నర్సింహకి పాఠం. ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి అప్పటికే, నాకు చొక్కా గుండీ కుట్టమంటే కుట్టలేకపోయేది. ఆ వేళ్లతోనే సిరంజి పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు. నాకూ డ్యూటీ పడింది. వంటింటి తక్కెడలో రోజూ తూచడం నా పని. బరువు తగ్గితే నేనేదో తినేసినట్టు చూసేది నన్ను. ఊళ్లో సంగతి పాకిపోయింది. మిగతా బేస్‌మెంట్ల పిల్లలంతా రావడం మొదలు, ఒకళ్లు గడ్డి నూరతారు, ఒకళ్లు బట్టలు ఉతుకుతారు, ఫోన్లలో బిస్కెట్ పేరున గ్రూపు ఒకటి! వీళ్లలో సగం మంది అప్పటిదాకా ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడి ఎరగరు. తెలుగు అసోసియేషన్ భ్రమరాంబ గారు చూడ్డానికొచ్చి, "పోనీలెండి డాక్టర్ గారూ, వినాయకుడి వాహనం, పుణ్యం వస్తుంది" అంది నవ్వుతూ. అక్కయ్య తలెత్తకుండా, "పుణ్యం వచ్చినప్పుడు వస్తుంది, ముందు ఆ తువ్వాలు అందుకోండి" అంది. పట్టుచీరతో వచ్చిన ఆవిడ చేత గడ్డి నూరించి పంపింది.

బాగానే కోలుకుంటోంది అనుకున్నాం. అప్పుడు తిరగబెట్టింది. సరిగ్గా నర్సింహ ఫైనల్ పరీక్ష రోజు. పొద్దున్న చూస్తే పొట్ట డోలులా ఉబ్బింది, పళ్లు పటపట కొరుకుతోంది. నొప్పి. వాడు బ్యాగు విసిరేసి, "నేను పోను, పరీక్ష పోతే పోనీ" అని కూలబడ్డాడు. అది పోతే వాడి చదువు ఒక టర్ము వెనక్కి, ఆ తర్వాత ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ గొడవ, నీకు తెలియందేముంది. అక్కయ్య కేక పెట్టింది. "లే! నా పిల్లల తల్లులు ఎంతమంది తలుపు బయట నుంచుని నన్ను నమ్మారో తెలుసా? నువ్వూ నమ్ము. వెళ్లి నీ పరీక్ష నువ్వు రాయి, నా పరీక్ష నేను రాస్తాను." వాడు ఏడుస్తూనే బస్సెక్కాడు.

అక్కయ్య అల్మారా అడుగునుంచి స్టెతస్కోపు తీసింది. రిటైరయ్యాక దాన్ని ముట్టుకోలేదు. బిస్కెట్ పొట్ట మీద పెట్టి విన్నది. మొహం నల్లబడింది. "పేగుల చప్పుడేం వినపడట్లేదురా" అంది. ఎర్రజుట్టు డాక్టరుకి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి చెప్పిన మందు విని అక్కయ్య ఫోన్లోనే నవ్వేసింది. పసిపిల్లలకి గ్యాసు పట్టేస్తే వేసే చుక్కల మందేనట! "జీవితమంతా అదేగా రాశాను, ఆ మాట ముందే చెప్పకూడదూ" అంది. నన్ను మందుల షాపుకి తరిమింది, అద్దాల మీద మంచు, కంట్లో నీళ్లు, కాలుజారి ఓసారి కూర్చున్నాను కూడా. తెచ్చాను. చుక్కలు వేసింది. ఒళ్లో పడుకోబెట్టుకుని పొట్ట మీద రెండు వేళ్లతో గుండ్రంగా రాస్తూ కూర్చుంది. కడుపునొప్పితో గుక్కపట్టిన పిల్లలకి రాసినట్టే. భోజనానికి లేవలేదు. ఏదో పాడుతోంది, లాలిపాట అనుకుంటా, అక్కయ్య గొంతున పాట వినడం నాకదే మొదలు. చాలాసేపటికి మళ్లీ స్టెతస్కోపు పెట్టి, చటుక్కున తీసి నా చెవుల్లో దోపింది. "విను!" విన్నాను తల్లీ. ఎక్కడో దూరంగా, మూసిన తలుపు వెనకాల ఎవరో చెంబుతో నీళ్లు ముంచుతున్నట్టు... గుళుక్ మంది. మళ్లీ గుళుక్. కాసేపటికి నేను టీ పెడుతుంటే డైనింగ్ రూములోంచి ఇల్లదిరిపోయేలా కేక: "మోహనం! వేసిందిరా! పెంటిక వేసింది!" పరిగెత్తాను. తువ్వాలు మీద ఒకే ఒక్క పెంటిక, నల్ల మిరియపు గింజ కంటే కాస్త పొడుగు. ఇద్దరు ముసలాళ్లం దాని మీదకి వంగి, ఏదో కెంపు దొరికినట్టు చూస్తున్నాం! అక్కయ్య కళ్లమ్మట నీళ్లు. "ఆహా, ఎంత చక్కగా వేశావే" అని దాని నెత్తి నిమురుతోంది.

సాయంత్రం నర్సింహ తలుపు తీసి అక్కడే ఆగిపోయాడు, లోపలికి రావడానికి భయం. అక్కయ్య స్టీలు పళ్లెం తీసుకెళ్లి వాడి ముందు పెట్టింది, అప్పటికి గుప్పెడు పెంటికలు పోగయ్యాయి. వాడు వాటివంక చూశాడు, ఆవిడవంక చూశాడు, బూట్లు విప్పకుండానే గంతేశాడు! అక్కయ్యని ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. ఆవిణ్ణి ఎత్తినవాడు మా నాన్న తర్వాత వాడే అయ్యుంటాడు. "దింపరా, నడుం పోతుంది! పరీక్ష ఎలా రాశావ్?" అంటే, "మస్తు రాసిన డాక్టరమ్మా!" వాడు పాసయ్యాడు, అలా ఇలా కాదు. తర్వాత దూరాన ఒషావా అనే ఊళ్లో ఉద్యోగం వస్తే బిస్కెట్‌ని వెంట తీసుకెళ్లాడు. అది అక్కడ ఎండుగడ్డి నమిలి నమిలి, మా అక్కయ్య పోయాక కూడా బతికింది, తెలుసా?

బిస్కెట్‌కి బాగయ్యాక చివరిసారి చూపించడానికి ఆస్పత్రికి వెళ్లిన రోజు చెప్పాలి నీకు. వెయిటింగ్ రూము నిండా దూడలంత కుక్కలు. మధ్యలో అక్కయ్య, నేతచీర మీద కోటు, ఒళ్లో బిస్కెట్, కొత్తిమీర కట్ట కరకర నములుతోంది. ఎర్రజుట్టు అమ్మాయి బయటికొచ్చి, అది తినడం చూసి, అలాగే నిలబడిపోయింది. లోపలికెళ్లి అందరినీ పిలుచుకొచ్చింది, నర్సులు, కౌంటరు దగ్గరి పిల్లలు, అందరూ వచ్చి చప్పట్లు. కుక్కలు మొరుగుడు. "డాక్టర్ కుమారీ, మా స్టూడెంట్లకి మీరొకసారి వచ్చి తినిపించడం నేర్పుతారా?" అని అడిగింది ఆ అమ్మాయి. పెద్దాస్పత్రివాళ్లు రిటైర్మెంట్ నాడు శాలువా కప్పి, ఫలకం ఇచ్చి, గంటసేపు పొగిడినా పెదవి కదపని మనిషి మా అక్కయ్య. ఆ రోజు మాత్రం మెడ ఇలా ఎత్తి, బిస్కెట్‌ని పైకి పట్టుకుని, గదంతా కలయజూసి నవ్వింది. ఆ పళ్లవరస... ఆ నవ్వు నువ్వు చూడలేదుగా...

బయట మంచు మొదలైనట్టుంది. కారు ఇంజను గడ్డకట్టకుండా కరెంటు ప్లగ్గు పెట్టావా అమ్మా? వెళ్లి పెట్టిరా, లేకపోతే రేపు స్టార్టవదు.