గాలి కొట్టించిన ఫిల్టరు

చైనాకు పోయే ఇనుపరాయి లారీల ధూళితో ఊరంతా ఎర్రబడిన రోజులవి. మనవరాలి ఆయాసం కోసం కొన్న గాలి శుభ్రం చేసే మిషన్‌ను విప్పి, మామా కోడలూ దాని ముందు కూర్చున్నారు.

“కొత్త ఫిల్టరు దండగమ్మా. ఈ పాతదానికే మన లారీ షెడ్డులో మూడుసార్లు గాలి కొట్టించినా. రాలిన ఎర్రధూళి ఒక లోడు చైనాకు పంపొచ్చు!”

“లారీ ఫిల్టరుకైతే సరే మామా. దీంట్లో ఎరుపు యాడుండాది? అంతా పసుపు జిడ్డే. వాసన చూడండి.”

“బీడీ వాసన.”

“ధూళయితే గాలికి పోతాది. పొగ జిడ్డు పోదు. పిల్ల పీల్చేది దీన్నే.”

“కిటికీ కాడ నిలబడే కదమ్మా నేను తాగేది?”

“ధూళొస్తాదని ఆ కిటికీ మూసుకొని కదా మామా తాగేది!”

“సరే, కొత్తది తెప్పిద్దాం.”

“అదీ నెలకు ఇట్లే అవుతాది. ఆయాసం ధూళి వల్లేనని డాక్టరు చెప్పినాడంటిరే?”

“లోడు కాదు గదా, పిడికెడు కూడా రాలలేదమ్మా. ఆ డాక్టరు మాట కూడా నేనే కల్పించినా. ఆయన ధూళి పేరే ఎత్తలేదు. ఇంట్లో బీడీ ఎవరు తాగుతారని అడిగినాడు. పక్కింటోళ్లని చెప్పినా.”