మడత కాగితంలో రెండు చుక్కలు

మిర్యాలగూడలో పొద్దుగూకాక బడి మిద్దె మీద ఇద్దరు పంతుళ్లు, ఒక టెలిస్కోపు. ఒకరు చూసి, గీసి, కాగితం మడిచేదాకా రెండోవారు మాట్లాడకూడదన్నది మొదటి నుంచీ వాళ్ల నియమం.

"మడత ఇప్పనా అన్నా?"

"ఇప్పు తమ్మీ."

"రెండు చుక్కలు గీసినవ్. పెద్దది, దాన్ని ఆనుకొని చిన్నది."

"కాస్టర్ చుక్క గంతే కద. ఉత్త కంటికి ఒక్కటి, దీంట్ల సూస్తె రెండు."

"విడివిడిగ కనబడ్డయా?"

"మంచిగ కనబడ్డయి."

"ఇయ్యాల నేను టెలిస్కోపు కాస్టర్ మీద పెట్టలే. పక్కనున్న చుక్క, పోలక్స్ మీద పెట్టిన. అది దీంట్ల సూసినా ఒక్కటే."

పెద్దాయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నన్ను పరీక్ష పెడ్తవా?"

"పోయిన వారం మబ్బు పట్టినా నీకు రెండు కనబడ్డయి. అసలు ఎన్నడన్న కనబడ్డయా అన్నా?"

"మొదటి రోజు నువ్వు గంత సంబురపడుతుంటే, నాకు ఒక్కటే కనబడుతుందని చెప్పబుద్ధి కాలె. ఇగ అప్పటిసంది పుస్తకంల ఉన్నట్టు గీస్తున్న."

"మూడేండ్ల సంది."

"పుస్తకంల ఉన్నదే గీసిన. నీకేం నష్టమైంది?"

"చుక్కల నడుమ ఎడం నీ కొలత, నా కొలత కలవనప్పుడల్ల నా కన్నే తప్పనుకున్న. నా కొలత రబ్బరుతోటి చెరిపేసి నీది రాసిన."

"చెరిపినయి యాదికున్నయా?"

"లేవన్నా. మనిద్దర్ల ఎవరన్న నిజంగ సూసి రాసినయి గవే."