మూడో లిఫ్టు సొంత మాట

కాదండీ, మీరే చెప్పండి, ఇదేమన్నా పద్ధతా? మర్యాదగా తన మానాన తను పళ్ళు పీక్కుంటున్న ఆడమనిషిని పట్టుకుని... ఆఁ ఆఁ, మూయకండి! చెప్పండి అన్నది మాటవరసకి. నోరు అలాగే బార్లా తెరిచి ఉంచండి. ఇంకా పనుంది. ఇదిగో, ఈ రబ్బరు దిమ్మ పళ్ళ మధ్య పెడుతున్నాను. ఇక మీరు మూయాలన్నా మూయలేరు. హమ్మయ్య.

పెదవి మొద్దుబారిందా? బారాలి. లిఫ్టుల చేత వాగించే మనిషికి కాసేపు మాట పడిపోతే లోకమేం తలకిందులైపోదు.

అసలు సోమవారం పొద్దున్న ఏం జరిగిందో తెలుసా మీకు? మీకు తెలిసింది మీ కంప్యూటర్లో జరిగింది. నాకు జరిగింది వినండి.

ఎప్పట్లాగే మూల మీదున్న మూడో లిఫ్టు ఎక్కాను. రోజూ ఏమంటుందది? "తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త." మీరు నేర్పిన మాటే కదా, ఈ బిల్డింగులో లిఫ్టులన్నిటికీ మాటలు నేర్పింది మీరేగా. ఆ రోజు తలుపులు మూసుకున్నాయి. లోపల నేనొక్కదాన్నే. అప్పుడంటుందీ, "మీ నవ్వు చాలా బాగుందండీ" అని!

నవ్వకండి, గుచ్చుకుంటుంది.

అటూ ఇటూ చూశాను. అద్దంలో చూసుకున్నాను. పళ్ళ డాక్టర్నండీ నేను! పొద్దున్నించీ సాయంత్రం దాకా లోకంలోని నోళ్ళన్నీ నేను చూడ్డమే తప్ప, నా నోటి వైపు చూసి ఓ మంచి మాటన్న పాపాన ఎవరూ పోలేదు. ఎలా చూస్తారు, ఎప్పుడూ మాస్కేనాయె! గాల్లో తేలిపోతూ నాలుగో అంతస్తులో దిగాను. దిగి, మళ్ళీ ఎక్కి, కిందికెళ్ళి, మళ్ళీ పైకొచ్చాను. ఏం, వెళ్ళకూడదా?

తీరా క్లినిక్కులో అడుగుపెడితే మా నర్సు కూడా తేలిపోతోంది. "మేడమ్, ఒకటో లిఫ్టు నన్నేమందో తెలుసా" అంటూ మెలికలు తిరిగిపోతోంది. అప్పుడు పడిందండీ నా గుండెల్లో రాయి.

ఒకటో లిఫ్టూ అంది, రెండో లిఫ్టూ అంది, ఆఖరికి సామాన్ల లిఫ్టు కూడా అంది! బీరువాతో చెప్పిందండీ అది, మీ నవ్వు బాగుందని! ముందురోజే నా దగ్గర పళ్ళన్నీ పీకించుకుని, బుగ్గల నిండా దూది కుక్కుకుని వస్తున్న పెద్దాయనతో అంది. ఆయన చేతికర్ర ఎత్తాడు. రెండో అంతస్తు మొగుడూ పెళ్ళాం కలిసి ఎక్కితే, "ఎవరి నవ్వు? నాదా, నీదా?" అని పైదాకా కొట్టుకుంటూ వెళ్ళి, మళ్ళీ కొట్టుకుంటూనే దిగొచ్చారట. ఇక అసోసియేషన్ ప్రెసిడెంటు గారు. పాపం ఆయన పినతండ్రి పోతే చూసొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ ఎక్కారు. ఆయనతోనూ అదే మాట!

బిల్డింగు మొత్తం నోరెళ్ళబెట్టింది. మామూలుగా ఆ పని నేను చేయిస్తాను.

మరి తిట్లెవరికి? నాకు! ఈ బిల్డింగులో నవ్వులతో బతికేదెవరు? నేను! క్లినిక్కు ప్రచారానికి నేనే చేయించానని అందరూ తేల్చేశారు. ప్రెసిడెంటు గారు పటపటా పళ్ళు నూరుతూ వచ్చారు. అలా నూరితే అరిగిపోతాయండీ అనబోయి నాలుక్కరుచుకున్నాను. ఈ వారం దాటాక ఒక్క లిఫ్టు ఆ మాటన్నా సరే, క్లినిక్కు ఖాళీ చెయ్యాల్సిందేనని అరిచి వెళ్ళారు.

ఆయన అంతలా ఎగురుతుంటే మీరెక్కడున్నారు? వెనకాలే నిలబడి మీ చెప్పులు చూసుకుంటున్నారు. నేనేం చేయించలేదని చెప్పండి మహానుభావా అన్నట్టు చూశాను. మీరేమన్నారు? "ప్రోటోటైపులో పొరపాటండీ, సరిచేస్తాను" అన్నారు. ప్రోటోటైపు ఆయనకీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. పొరపాటన్నది మాత్రం బాగా అర్థమైంది నాకు. ఏడుపొచ్చిందండీ, నిజం. బీరువాకొచ్చిన పొగడ్తే నాకూ వచ్చిందన్నమాట.

సాయంత్రానికల్లా లిఫ్టులన్నీ బుద్ధిగా "జాగ్రత్త" అంటున్నాయని నర్సు చెప్పింది. నేను వినలేదు. ఒళ్ళు మండి మెట్లెక్కి తిరుగుతున్నాను. ఇవాళ మోకాళ్ళు మొరాయించి మళ్ళీ మూడోది ఎక్కాను.

"మీ నవ్వు చాలా బాగుందండీ."

దిగి ఒకటోదాన్లోకి పరిగెత్తాను. జాగ్రత్తంది. రెండోది, జాగ్రత్త. సామాన్ల దాంట్లో కూరగాయల బుట్టల మధ్య నిలబడి మరీ విన్నాను, జాగ్రత్త. మళ్ళీ మూడోది. మళ్ళీ నా నవ్వే!

కళ్ళు మూసుకోకండి, నిద్రపోతున్నట్టు నటిస్తే వదులుతాననుకున్నారా?

మా చెల్లెలు మీలాగే జావాస్క్రిప్టులో ప్రోగ్రాములు రాస్తుంది. దానికి ఫోన్ చేశాను. "అక్కా, చిన్నప్పుడు మనింట్లో కత్తెర గుర్తుందా?" అంది. లిఫ్టు గురించి అడిగితే కత్తెరంటావేంటే అన్నాను. "విను ముందు. నీకు కత్తెర కావాలి, నీ దగ్గర లేదు. అమ్మనడుగుతావు. అమ్మ దగ్గరా లేదు, అమ్మమ్మనడుగుతుంది. అమ్మమ్మ పెట్టెలో కూడా లేకపోతే ఇక ఇంట్లో లేనట్టే. మీ లిఫ్టులూ అంతే. దేనికీ సొంత మాటల్లేవు. నోరు తెరవాల్సొచ్చినప్పుడల్లా వాటి అమ్మనడిగి చెప్తాయి. ఆ అమ్మే ప్రోటోటైపు. మీ లిఫ్టాయన ఒక్క లిఫ్టుకి నేర్పబోయి, పప్పులో కాలేసి, వెళ్ళి అమ్మకి నేర్పాడు. ఇంకేం, పిల్లలందరిదీ అదే పాట!"

ఒక్క లిఫ్టుకి నేర్పబోయి. విన్నారా? నేను విన్నాను.

"మరి అమ్మని సరిచేశాక కూడా మూడోది ఎందుకే అలా అంటోంది?" అన్నాను.

అవతల ఒకటే నవ్వు. "నా పుట్టినరోజుకి నాకు ఎర్ర కత్తెర వచ్చింది చూడు, ఆ తర్వాత నేనెప్పుడైనా అమ్మనడిగానా? సొంతది ఉన్నవాళ్ళు అమ్మ దాకా వెళ్ళరక్కా. ఆ మూడోదానికి ఎవరో సొంతంగా నేర్పారు. దానొక్కదానికే. పనిగట్టుకుని!"

పనిగట్టుకుని అందండీ. అని ఊరుకోవచ్చుగా, ఊరుకోదు. "లేకపోతే మొదట్లో ఏదో ప్రయత్నించి, తీసేయడం మర్చిపోయుంటాడు" అని కూడా అంది. అప్పట్నించీ నాకు మనసు మనసులో లేదు. సరిగ్గా అప్పుడే, నిన్న ఫోన్లో రాయించుకున్న టైముకి, బుగ్గ పట్టుకుని మీరొచ్చారు.

కాబట్టి ఇప్పుడు తేలిపోవాలి. రేపు ప్రెసిడెంటు గారు లిఫ్టులన్నీ ఎక్కి వింటారట. క్లినిక్కు సంగతి తర్వాత. ముందు నాకిది కావాలి. మర్చిపోయి వదిలేశారా? ఎడమ చెయ్యెత్తండి. అన్ని తిట్లు తిన్నాక కూడా, కావాలని, ఈసారి సరిగ్గా రాశారా? కుడి చెయ్యెత్తండి.

రెండూ ఎత్తారేంటి, దొంగని పట్టుకున్నట్టు! ఒక్కటే.

అది మీకు కుడివైపా, నాకు కుడివైపా? నాకీ కంగారులో కుడి ఎడమలు తెలిసి చావట్లేదు. ఏ చేత్తో సంతకం పెడతారో ఆ చెయ్యి ఎత్తండి. అదేనా? కుడేనా? ఒట్టు?

ఓహో.

అంటే... ఉండండి, ముందీ పళ్ళు తొలిచే మిషను ఆపుతాను.

భయపడకండి. మీ పన్నులో పుచ్చు ఎప్పుడో పూడ్చేశాను. ఇంతసేపూ మిషను గాల్లోనే తిప్పుతున్నాను. దిమ్మ కూడా అక్కర్లేదు, పని అయిపోయిందంటే లేచి వెళ్ళిపోతారేమోనని పెట్టాను. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ సిగ్గు వదిలేశాను కాబట్టి. ఆ మూడో లిఫ్టు వట్టి నత్త. అది నాలుగో అంతస్తు చేరేలోపు మెట్లెక్కి వెళ్ళి కాఫీ కూడా తాగొచ్చు. అందుకే ఎవరూ ఎక్కరు దాన్ని. నేనెందుకు ఎక్కుతానో తెలుసా? దాని దగ్గరికెళ్ళాలంటే మీ గది ముందునుంచి వెళ్ళాలి.

తలూపుతున్నారేంటి, మీకూ తెలుసా? ఎప్పట్నించి? సర్లెండి, ఆ చెయ్యి దించండి.

మూడోదాన్లో ఆ మాట తీసేయండి. తీసేస్తే ఏమవుతుందో మా చెల్లెలు చెప్పింది, మళ్ళీ అమ్మనడుగుతుంది, అందరిలాగే జాగ్రత్తంటుంది. అననీండి. మనిషికి నోరుండగా మధ్యలో లిఫ్టెందుకు? ఇదిగో, దిమ్మ తీశాను. నా మాస్కూ తీశాను. ఇప్పుడు చూసి, మీ నోటితో మీరు చెప్పండి.

ఏంటీ? "ఈ అవ్వు" ఏంటి? మీ అవ్వా? ఆవిడ గురించి ఇప్పుడెందుకండీ? బాగుందా? ఉండనీండి, సంతోషం, కానీ నేనడిగింది...

అయ్యో నా మతిమరుపు మండ! మత్తు! నేనేగా ఇచ్చాను, అది చాలదన్నట్టు కోపంలో ఇంకొంచెం ఎక్కువే ఇచ్చాను. అది దిగేదాకా మీకు నాలుక తిరగదు. మాట్లాడకండి, నాలుక కరుచుకున్నా తెలీదు మీకు.

కూర్చోండి. పర్లేదు, దిగేదాకా కూర్చుందాం. మీ తర్వాత రావాల్సినావిడని రేపు రమ్మని నేను పొద్దున్నే చెప్పేశాను.