మసక తెర

కీమోతో జుట్టంతా ఊడిపోయిందని అక్క ఇంకా చెల్లెలికి చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లో కెమెరాని నడిపే పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని, వీడియో కాల్‌లో ఆమె మంచులో మనిషిలా కనిపిస్తోంది.

"అక్కా, మళ్ళీ మసగ్గానే ఉన్నావు. కెమెరా డ్రైవర్ అప్‌డేట్ చేయమన్నాను కదా?"

"రేపు చేస్తాలే."

"నీ రేపుకి రెండు నెలలు నిండాయి."

"ఇలాగే బాగుందే. కలలోంచి మాట్లాడుతున్నట్టుంది."

"కలలో అక్క నాకెందుకు? కబుర్లాపి, అప్‌డేట్ నొక్కు."

అక్క బాణం గుర్తును చాలాసేపు ఆ బటన్ మీదే నిలిపింది. చివరికి నొక్కింది. తెర ఒకసారి నల్లబడి, తేటపడింది.

చెల్లెలు తెరకి దగ్గరగా జరిగి, అక్క బోడితల వైపే చూసింది.

"భయపడ్డావటే?"

"అక్కా... కొంచెం ముందుకు వంగు."

వంగింది. చెల్లెలి అరచెయ్యి తెర దగ్గరికొచ్చి, అక్క తల ఉన్నచోట నెమ్మదిగా నిమిరింది.

"వెచ్చగా ఉందే," అంది అక్క, కళ్ళు మూసుకుని.