చీటీ కింద పేరు

మహాసభ కొత్త బిషప్పును ఎన్నుకుంది. జనమంతా ఆయన వెంట బయటికి వెళ్లిపోయారు. పదవి దిగుతున్న పాత బిషప్పు మాత్రం కళ్లజోడు మరిచిపోయానన్న వంకతో చర్చిలోకి తిరిగొచ్చాడు. లోపల ముసలి గుమాస్తా ఒక్కడే జిగురు సీసా పక్కన పెట్టుకుని ప్రార్థన పుస్తకాల మీదికి వంగి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"కొత్తాయన పేరు రాసిన చీటీలు అంటిస్తున్నానండీ. ఆదివారం ప్రార్థనలో చదవాలి కదా."

"నా పేరు మీదేనా?"

"మరెక్కడ అంటించనండీ."

"బయట ఆ చప్పట్లు విన్నావా? నాకూ అలాగే కొట్టారు."

"మీకు ఇంకాసేపు ఎక్కువే కొట్టారండీ."

"పన్నెండేళ్లు. వారం వారం ఇంతమంది నా పేరు చెప్పి ప్రార్థించారు. ఇకనుంచి నేనెవరో, వాళ్లెవరో."

"ఊరుకోండి అయ్యగారూ. మిమ్మల్ని ఎవరు మరిచిపోతారు."

"నా చీటీ కింద ఏముంది?"

గుమాస్తా గోటితో అంచు లేపి చూశాడు.

"మీ ముందాయన పేరండీ."

"మంచి మనిషి. దిగిపోయిన రోజున నా చెయ్యి పట్టుకుని, అప్పుడప్పుడూ వచ్చి పలకరించు నాయనా అన్నారు. ఇదిగో అదిగో అంటూనే ఇన్నేళ్లు గడిపేశాను. ఎక్కడుంటున్నారో కాస్త కనుక్కో. రేపు పొద్దున్నే వెళ్తాను. నాకిప్పుడు తీరికే తీరిక."

గుమాస్తా జిగురు సీసాకు మెల్లగా మూత పెట్టాడు.

"ఆయన పోయి రెండేళ్లయిందండీ. సంతాపం ఉత్తరం నేనే రాశాను. మీరు సంతకం పెట్టారు."