కీచుమనే బండి

షెడ్డులో పాత వ్యాను ముందు చక్రం విప్పి పక్కన పెట్టి ఉంది. మెకానిక్కు నేల మీద కూర్చున్నాడు. బండి నడిపే ఆవిడ వంగి చూస్తోంది.

“చూడక్కా, బ్రేకు ప్యాడు అరిగి కాగితంలా అయింది. ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. కొత్తవి వేయాల్సిందే.”

“వేస్తే ఆ కీచుమనే చప్పుడు పోతుందా?”

“పోతుంది మరి. అది పోగొట్టమనే అందరూ వస్తారు.”

“నాకది కావాలి తమ్ముడూ.”

“బాగుంది! బండి ఆగకపోయినా పర్లేదు, అరిస్తే చాలంటావా? బడిపిల్లలెక్కే బండక్కా ఇది.”

“నవ్వకు. మలుపు దగ్గరింట్లో ఓ పాప ఉంది, చూపు లేదు. ఈ చప్పుడు వినగానే ఒక్కతే మెట్లు దిగి గేటు దాకా వస్తుంది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించేస్తుంది.”

“హారన్ కొట్టొచ్చుగా?”

“హారన్ దారినపోయే ప్రతి బండీ కొడుతుంది. ఓసారి ఎవరిదో విని రోడ్డు మీదకే వచ్చేసింది.”

మెకానిక్కు అరిగిన ప్యాడును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ప్యాడ్లు మారుస్తానక్కా. అందులో మాత్రం నీ మాట వినను.”

“మార్చు. పిల్లల ప్రాణాలకంటే ఎక్కువేముంది?”

అతను లేచి వ్యాను పక్క తలుపు లాగాడు. షెడ్డంతా కిర్రుమంది.

“దీనికి నూనె పెట్టి ఎన్నేళ్లయింది?”

“ఏమో! ఇవాళ పెట్టించాలనే అనుకున్నా.”

“పెట్టను. ఆ ఇంటి ముందు ఆగగానే దీన్ని లాగు. ఈ గొంతు ఇంకే బండికీ లేదు.”

ఆవిడ కళ్లు మూసుకుంది.

“మళ్లీ ఓసారి లాగు తమ్ముడూ.”