టేపు ముట్టని బుర్ర

టీకొట్టు బల్ల మీద పెళ్ళికొడుకు కోటు పొట్లం పెట్టుకుని, దాన్ని విప్పకుండానే మా వీధి టైలరు అందుకున్నాడు.

"టేపు ఎవరికోయ్? బుర్ర లేనివాడికి. బుర్ర ఉన్నవాడి అంచనా తప్పదు, తప్పితే అది బుర్రే కాదు. మొదట్లో నేనూ మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఒక్కసారి ఎగాదిగా చూసి కత్తెర పట్టేవాణ్ణి. చొక్కా ఒంటికి అతికినట్టు కుదిరేది. తర్వాత మనిషి మాత్రం ఎందుకనిపించింది, గోడ మీద నీడ చాలదూ?"

"నీడ పొద్దున పొడుగు, మధ్యాహ్నం పొట్టి కదా," అన్నాడు టీకొట్టాయన.

"ఎండ వాలు చూసుకుని ఆ తేడా తీసేస్తాం మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకాయన ఫోన్ చేశాడు. ఇంకా పేరైనా చెప్పలేదు, ఓ దగ్గు దగ్గాడు. ఆ దగ్గులో ఛాతీ దొరికింది, ఆయాసంలో పొట్ట దొరికింది. సూటు కుట్టి పంపిస్తే ఆయన ఫోన్లోనే ఏడ్చేశాడు. అంతెందుకు, ఒకావిడ నిండు కడుపుతో వచ్చింది. లోపల బిడ్డ ఓ తన్ను తన్నాడు. ఆ తన్నుని బట్టి వాడు ఉద్యోగంలో చేరేనాటి ప్యాంటు అప్పుడే కుట్టిచ్చేశా. మొన్న వేసుకున్నాడు, నడుం దగ్గర వేలు దూరే సందు కూడా లేదు."

"మామా, రేపు పొద్దున్నే నా పెళ్ళి. నాకు వేరే కోటు లేదు. కాస్త ఆ పొట్లం విప్పు," అని పెళ్ళికొడుకు బతిమాలాడు.

"కంగారెందుకు అల్లుడూ, నీ కోటుకైతే నిన్ను చూడను కూడా లేదు. ఆ రోజు అటు తిరిగి సూదిలో దారం ఎక్కిస్తున్నా. వెనక మెట్ల మీద నీ అడుగుల చప్పుడైంది, బల్ల మీద గుడ్డ పెట్టిన చప్పుడైంది. తల తిప్పితే నా బుర్రకి అవమానం. భుజాలు, చేతులు, నడుము, అన్నీ ఆ అడుగుల్లోనే పట్టేశా."

పెళ్ళికొడుకే పొట్లం లాక్కుని విప్పి, కోట్లో చెయ్యి దూర్చాడు. అది మోచేతి దగ్గరే ఆగిపోయింది.

టైలరు మాత్రం జంకలేదు. "చూశారా, పెళ్ళి సంతోషంలో మనిషి ఎలా ఒళ్ళు చేశాడో. కోటు కోటులాగే ఉంది, మారింది వీడు. కావాలంటే రుజువు చేస్తా..."

"ఆ రోజు గుడ్డ పెట్టి వెళ్ళింది మా చెల్లి, మామా," అన్నాడు పెళ్ళికొడుకు. "నీ అంచనా తప్పదంటున్నావుగా, రేపు పెళ్ళికొడుకు కుర్చీలో దాన్నే కూర్చోబెట్టమంటావా?"